మరిగిన రేడియేటరు – మన తొందరపాటు

నిదానమే ప్రధానమని తెలుగువారు, సబర్ కా ఫల్ మీఠా అని ఉర్దూ మాట్లాడేవారు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. మన కళాశాల వరండాలలో ఈ రెండు భాషలూ కలిసి వినిపిస్తాయి. అయినా ఈ రెండు సామెతలలో ఏ ఒక్కటీ మన నడవడిలోనికి ఇంకా దిగలేదని గత వేసవిలో ఒక పాత కారు మాకు బోధించింది. కళాశాల సంచికలో కారు గురించిన వ్యాసమేమిటని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కవిత్వానికీ, చరిత్రకూ చోటున్న ఈ పుటలలో, మనలను మోసుకొనిపోయే యంత్రానికీ, దానిని నడిపే మనిషికీ కూడా కొంత చోటుండాలని మా అభిప్రాయం.

మే నెలలో ఒక మిత్రుని ఇంటి వివాహానికి మేము నలుగురం నెల్లూరు నుండి సూళ్ళూరుపేటకు బయలుదేరాము. బండి ముప్పది యేండ్లు దాటిన అంబాసిడర్. దానిని నడిపినవారు అరవై యేండ్లు పైబడిన పెద్దమనిషి. మేమందరం ఆయనను చాచా అనే పిలుస్తాము. వెంకటాచలం, మనుబోలు దాటి గూడూరు చేరేసరికే వేడి చూపే సూది మధ్యగీతను దాటింది. చాచా బండిని వేపచెట్టు నీడన నిలిపి, బానెట్ ఎత్తి, అరగంట ఆగి, నీరు పోసి, తిరిగి నెమ్మదిగా నడిపించారు. వివాహ సమయానికి క్షేమంగా చేరాము.

భోజనాలు ముగిసిన తరువాత మాకు పులికాట్ సరస్సు చూడాలని బుద్ధి పుట్టింది. 2022 వరకు మన జిల్లాలోనే ఉన్న ఆ ప్రాంతం గురించి చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. మన దేశంలో చిలుక తరువాత అంతటి ఉప్పునీటి కయ్య మరొకటి లేదు. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఆ సరస్సు మీదుగానే సాగుతుంది. చాచా గడియారం చూచి, "ఇప్పుడొద్దు బేటా, అసర్ నమాజు అయినాక, ఎండ దిగినాక పోదాము. బండి పొద్దుటే ఒక మాట చెప్పింది గదా," అన్నారు. మేము వినలేదు. ఆలస్యం అమృతం విషం అని మాలో ఒకడు నవ్వుతూ అన్నాడు. ఆయన మరి మాట్లాడక స్టీరింగు ముందు కూర్చున్నారు.

వేసవిలో ఆ సరస్సు చాలామేరకు ఎండిపోతుంది. కనుచూపు మేర తెల్లని ఉప్పు పొర, అక్కడక్కడ మడుగులు. రోడ్డు మీద నీడ అన్నమాట లేదు. అటకానితిప్పకు చేరకముందే బానెట్ సందులలో నుండి ఆవిరి లేచింది. చాచా ఇంజను ఆపి, ఎవరూ దగ్గరకు రావద్దన్నారు. మాలో ఒకడు డబ్బా తీసుకొని మడుగు వైపు పరుగెత్తాడు. ఆయన వానిని గట్టిగా కేకవేసి వెనుకకు పిలుస్తున్న క్షణంలోనే, మరొకడు చేతిరుమాలు చుట్టుకొని రేడియేటరు మూత తిప్పాడు. చాచా వానిని భుజంతో పక్కకు నెట్టారు. ఎగసిన మరుగునీరు మా మిత్రుని ముఖాన పడవలసింది, ఆయన ముంజేతి మీద పడింది.

మా వద్ద ఉన్నది ఒక్క సీసా మంచినీరు. అది ఆయన చేతి మీద పోయడానికే సరిపోయింది. గంట తరువాత మోటారు సైకిల్ మీద పోతున్న ఒక జాలరి సోదరుడు ఆగి, సంగతి తెలుసుకొని, తన ఊరికి పోయి బిందెడు మంచినీరు తెచ్చి ఇచ్చాడు. ఉప్పునేల మధ్య బ్రతికేవారికి బిందెడు తీపినీరు ఎంతటి విలువైనదో అప్పుడు మాకు తెలిసింది. ఆయన ఆ మాట ఎత్తలేదు, డబ్బు పుచ్చుకొననూ లేదు.

ఇంతకంటే చెప్పుకొనరాని సంగతి ఆ రాత్రి జరిగింది. "బండిని చెడగొట్టావు, చూచుకొని నడపడం తెలియదా" అని యజమాని చాచాను మందలించారు. ఆనాటి బత్తెం కూడా ఇవ్వలేదు. మేము నలుగురం అక్కడే ఉండి, తల వంచుకొని నిలబడ్డాము. తప్పు మాది, వారిది కాదు అన్న ఒక్క వాక్యం మా నోట రాలేదు. తరువాత మేము తలా కొంత వేసుకొని ఆ బత్తెం చెల్లించాము. వాక్యం మాత్రం బాకీగానే మిగిలింది. ఆ బాకీ తీర్చుకొనడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఇంజను వేడెక్కడం అనేది అకస్మాత్తుగా మీద పడే ఆపద కాదు. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే బండిని నడిపే శక్తిగా మారుతుంది. రమారమి మరొక మూడవ వంతు పొగగొట్టం గుండా పోతుంది. తక్కినదానిని నీరు మోయాలి. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీరు రేడియేటరులోని సన్నని గొట్టాలలోనికి వచ్చి, ఫ్యాను విసిరే గాలికి చల్లబడి, తిరిగి ఇంజనులోనికి పోతుంది. అంబాసిడరు వంటి బండిలో ఒకే బెల్టు ఆ ఫ్యానునూ, నీటి పంపునూ తిప్పుతుంది. ఆ బెల్టు సడలినా, గొట్టం చిట్లినా, గొట్టాలలో పొరకట్టినా వేడి మోసేవారు ఉండరు. మన తీరాన మే నెల గాలియే నిప్పువలె ఉంటే, రేడియేటరు దేనికి తన వేడిని అప్పగిస్తుంది?

సముద్రమట్టాన నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని పాఠశాలలో చదివాము. రేడియేటరు మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది గనుక అది 100 దాటినా మరగక నిలుస్తుంది. మూత తీసిన మరుక్షణం ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి పైకి ఎగజిమ్ముతుంది. భౌతికశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకొన్న మా మిత్రుడే ఆ మూత తిప్పాడు. పుస్తకంలోని పాఠానికీ చేతిలోని మూతకూ మధ్య ఎంత దూరమున్నదో ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

ఇక ఉప్పునీటి సంగతి. ఆనాటి కార్ల రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసినవి. ఇంజను దిమ్మ పోత ఇనుము. వేరు వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే తుప్పు త్వరపడుతుంది. ఆవిరైన నీరు వదలిన లవణాలు గొట్టాలలో పొరగా పేరుకొని వేడిని బయటకు పోనివ్వవు. మడుగులోని నీరు ఆ పూటకు బండిని కదిలించినా, తరువాత దానిని రోగిని చేస్తుంది. తీరగ్రామాలలో అనేక బావుల నీరు కూడా ఉప్పనే. అందుకే పాత డ్రైవర్లు ఎక్కడ నీరు పట్టినా ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకొని చూస్తారు. మేము దానిని చాదస్తమనుకొన్నాము, అది శాస్త్రమే.

దూరప్రయాణమూ, నీళ్ళకోసం ఆగడమూ మోటారు కారుకు పుట్టుకతో వచ్చినవే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు తన ఇద్దరు కుమారులతో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా కారు నడిపినప్పుడు, దారిలో మాటిమాటికీ ఆగి నీరు నింపుకొనవలసి వచ్చింది. లోకంలో మొదటి సుదీర్ఘ కారు ప్రయాణంగా చెప్పుకొనేది ఆగి ఆగి సాగినదే. ఆగడం అవమానమన్న భావన తరువాత మనం కల్పించుకొన్నది.

ఇట్టి పాత బండ్లను తుక్కుకు వేస్తే పీడ విరగడవుతుంది గదా అని కొందరంటారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది, విడిభాగాలు దొరకడం కష్టం, పొగ ఎక్కువ. సొంత వాహనానికి 15 యేండ్ల తరువాత రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనవలసిందేనని చట్టం కూడా చెబుతున్నది. పరీక్షలో నిలువని బండిని రోడ్డు మీదికి తేవాలని మేమనడం లేదు. అయితే కొత్త బండి కొనగలవారు మనలో ఎందరు? పాత బండి నడుపుకొని పిల్లలను చదివించుకొనే తండ్రులు ఈ కళాశాలలోనే కలరు. మోటారు షెడ్డులో మేస్త్రీగా పనిచేసే అన్నలు కలరు. అదియునుగాక కొత్త కారులోనూ నీరే తిరుగుతున్నది. అద్దం ముందు ఎర్రదీపం వెలిగినా లెక్కచేయక నడిపితే అదీ మరుగుతుంది. బండి వయస్సు కంటే వెనుక సీటులో కూర్చున్నవారి స్వభావమే మాకు ముఖ్యంగా కనబడుతున్నది.

వెనుక కూర్చున్నవారికి సూది కనబడదు, గమ్యం కనబడుతుంది. ముందు కూర్చున్న డ్రైవరుకు సూది కనబడుతుంది. నోరు మెదపడానికి మాత్రం అధికారం లేదు. ఆపితే సోమరి అంటాము, ఆపకపోతే చేతగానివాడంటాము. చూచేవాని మాటకు విలువ లేనిచోట ప్రమాదం జరగక ఏమవుతుంది? కార్యాలయాలలోనూ, కుటుంబాలలోనూ ఇదే వరుస.

కావున కళాశాల పాలకవర్గం వారికి మేము వినయపూర్వకంగా కొన్ని మనవులు చేస్తున్నాము. విహారయాత్రకైనా, పోటీలకైనా విద్యార్థులను తీసుకొనిపోయే ఏ వాహనాన్నీ వేసవిలో ఉదయం పదకొండు మొదలు సాయంత్రం నాలుగు వరకు దూరం నడపరాదు. బయలుదేరే ముందు నీరు, నూనె, బెల్టు, గొట్టాలు పరీక్షించి, ఒక డబ్బా మంచినీరు బండిలో ఉంచాలి. ఆపమని డ్రైవరు అన్న మాటే చివరి మాట కావాలి. ఆపినందుకు ఆయన బత్తెంలో ఒక్క రూపాయి కూడా తగ్గరాదు. ఇది వ్రాతపూర్వకంగా ఉంటే మరీ మంచిది.

రెండవది, సంవత్సరానికి ఒక పూట ఊరి మేస్త్రీలలో ఒకరిని సగౌరవంగా పిలిపించి, కళల విద్యార్థులకూ, బాలికలకూ కూడా ఈ సంగతులు చేతితో చూపించాలి. సూది పైకెక్కితే వేగం తగ్గించడం, ఏసీ కట్టివేయడం, హీటరు ఉంటే దానిని తెరచి కొంత వేడిని బయటకు లాగడం, ఆవిరి కనబడితే నీడ చూచి ఇంజను ఆపడం, కనీసం అరగంట మూత ముట్టకపోవడం, చల్లారిన తరువాత నీటిని కొద్దికొద్దిగా పోయడం నేర్పాలి. కాగిన ఇంజనులో చన్నీరు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఇనుము పగులవచ్చు. నీరంతా పోయిన బండిలో సూది ఒక్కొక్కసారి కిందికి దిగుతుంది. అది చల్లబడిన గుర్తు కాదు, కొలవడానికి నీరే లేదన్న గుర్తు. ఇవి తెలుసుకొనడానికి ఒక పూట చాలు.

మూడవ మనవి మన ఊరికంతటికీ సంబంధించినది. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద మొహర్రంలో జరిగే రొట్టెల పండుగకు మతభేదం లేకుండా దూరప్రాంతాల నుండి జనం వస్తారు. అందులో పాత కార్లూ, వ్యానులూ ఎన్నో. చాంద్రమాన సంవత్సరం ప్రతియేటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఆ లెక్కన, చంద్రదర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూగా, 2028లో ఆషూరా జూన్ మొదటి వారంలోనూ, 2029లో మే నాలుగవ వారంలోనూ రానున్నది. అంటే రోళ్ళు పగిలే రోహిణి కార్తె అన్నమాట. పిల్లలతో, వృద్ధులతో నిండిన ఎన్ని బండ్లు జాతీయ రహదారి మీద ఆవిరి కక్కుతూ ఆగిపోతాయో ఇప్పుడే ఊహించుకొనవచ్చును. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు అప్పటికి రహదారి పక్కన నీడపందిళ్ళు వేసి, త్రాగడానికి కుండలు, బండికి వేరుగా ఒక పీపా మంచినీరు ఉంచగలరు. తెలుగువారు దానిని చలివేంద్రమంటారు, ఉర్దూవారు సబీల్ అంటారు. ఈ దారిలోనే దొరవారిసత్రం అన్న ఊరున్నది. బాటసారికి ఆగే చోటు కల్పించడం ఈ నేలకు కొత్త కాదని ఆ పేరే చెబుతున్నది.

చాచా చేతి మీద మచ్చ ఇంకా మాయలేదు. ఈ మధ్య కలిసినప్పుడు మేము క్షమాపణ చెప్పబోతే ఆయన నవ్వి, "బండి పొద్దుటే చెప్పింది, మీరు చిన్నవాళ్ళు గనుక వినలేదు. నేను పెద్దవాణ్ణి, గట్టిగా చెప్పి ఉండాల్సింది," అన్నారు. తప్పులో సగం తన మీద వేసుకొనడం ఆయన మంచితనం. ఆ సగాన్ని ఆయన మీద ఉండనివ్వడం మాకు న్యాయం కాదు. ఆనాడు యజమాని ఎదుట పలుకలేకపోయిన మాటను ఈనాడు కళాశాల అంతటి ఎదుట పలుకుతున్నాము: తప్పు మాది, ఆయనది కాదు.