చట్టం ముందు, ఫారం వెనుక

సంవత్సరం నడుమ పన్ను చట్టం మారితే ఆ భారం ఫారం నింపేవారి నెత్తిన పడుతుంది. 2024 జూలై 23న స్థలాల, వాటాల అమ్మకపు లాభాలపై పన్ను మారినది. ఆ తేదీకి ముందటి అమ్మకాలు, తరువాతివి వేరువేరుగా చూపవలసివచ్చి ఫారాలు తిరగవ్రాశారు. 2025 జూలై 31 గడువు సెప్టెంబరు 15కు, పిదప 16కు జరిగినది. ఆ పెరిగిన గడువు ఫారాల ఆలస్యంలో పోయిన కాలమేనని మా అభిప్రాయం.

ఏనాడో కొన్న స్థలాన్ని ఆ తేదీ తరువాత అమ్మిన దేశవాసులకు రెండు లెక్కలు వచ్చినవి: ధరల పెరుగుదలను కొన్న వెలకు కలిపి 20 శాతం, కలపకుండా 12.5 శాతం. తక్కువ పన్నే చెల్లించవచ్చును. అయితే క్రయపత్రం చూడనిదే ఆడిటరుగారైనా ఏమి చేయగలరు? గడువుకై కాచుకొనక, తాతలనాటి దస్తావేజులు ముందే వారికి అందించవలసినదిగా సోదరీ సోదరులను కోరుచున్నాము.