గేమ్స్ పీరియడ్ తీసేయమని రాసే ముందు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మీరు నింపిన ఫారాల్లో చాలామంది ఒకే మాట రాశారు: తొమ్మిదో తరగతికి గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని. మీ భయం నాకు తెలుసు. అప్పు చేసి ఫీజు కట్టినాక పిల్లోడు బంతి వెంట పరిగెడుతుంటే డబ్బులు దండగ అనిపిస్తుంది. అయినా ఈ మాట నేను ఒప్పుకోను.

తులసీదాస్ బలరాం పేరు విన్నారా? 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. కొత్త బూట్లు కొనలేక, పోలీసులు వాడి పడేసిన బూట్లను బాగు చేయించుకుని ఆడారు. ఇరవై ఏళ్లకే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఫుట్‌బాల్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది అప్పుడే. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. ఫ్రాన్స్‌తో మ్యాచ్ 1-1తో డ్రా అయింది. గ్రూపులో మాత్రం మనది ఆఖరి స్థానమే, అదీ చెప్పాలి. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, అదే ఏడాది అర్జున అవార్డు. మరుసటి ఏడాదికల్లా ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు దాటలేదు. 2023లో కోల్‌కతాలో కన్నుమూశారు.

"చూశారా సార్, ఆటతో ఏం మిగిలింది?" అంటారు మీరు. రైల్వే ఉద్యోగం మిగిలింది. అది ఇప్పించింది ఆటే.

అయినా నేను చెప్పదలచుకున్నది బలరాం గురించి ఒక్కటే కాదు. ఆయన్ను గుర్తించిన రహీం సాబ్ గురించి కూడా. ఈ మూడు టోర్నీలకూ కోచ్ ఆయనే. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. పిల్లలు గ్రౌండ్‌లో ఉన్నారు కాబట్టి ఆయన కంట పడ్డారు. మన పిల్లలు పొద్దున్నే బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరుతున్నారు. వీళ్లు ఎవరి కంట పడాలి?

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. తొమ్మిదో తరగతికి వచ్చాక వీధిలో ఆడనిస్తున్నామా? వాళ్లకు దక్కేది బడిలోని ఆ నలభై నిమిషాలే. క్లాసులో నోరెత్తని అమ్మాయి గ్రౌండ్‌లో పదిమందికి ఎవరెక్కడ నిలబడాలో చెబుతుంటే నేను రోజూ చూస్తున్నా. ఆ సంగతి ప్రోగ్రెస్ కార్డులో ఎక్కడా ఉండదు.

మీ పిల్లలందరూ బలరాంలు కావాలని నేను అనడం లేదు. చాలామంది కారు. మ్యాథ్స్ డౌట్లకు ఇంకో గంట కావాలంటే ఆదివారం టెస్టుల్లో ఒకటి తగ్గించమని అడగండి, మీతోపాటు నేనూ అడుగుతాను.

వచ్చే ఫారం నింపేలోపు ఒక శనివారం గేమ్స్ పీరియడ్‌కు రండి. ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ నేను తీసుకుంటాను. గేటు దగ్గర వేపచెట్టు కింద నీడ ఉంటుంది.

— మీ పీఈటీ