కోడ్ చదివే మనం.. రాయి చదవలేమా?

మీ వంటింట్లో కడప బండ ఉందా? రాయలసీమలో లేని ఇల్లు తక్కువే. దాని మీద ఓ గ్లాసు నీళ్లు పోయండి. పక్కనే ఒక ఇటుక పెట్టి దాని మీదా పోయండి. ఇటుక నీళ్లు పీల్చేస్తుంది. బండ మీద నీళ్లు అలాగే నిలబడతాయి. ఈ తేడా ఎందుకో అర్థమైతే, భూమిలో చమురు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ బీటెక్ అయ్యేదాకా అలాగే అనుకున్నా. నిజానికి అది రాయిలోని సన్నని రంధ్రాల్లో ఉంటుంది, ఇటుకలో నీళ్లు ఉన్నట్టు. కడప బండ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. మెత్తటి బురద గట్టిగా అణిగిపోయింది కాబట్టి అందులో ఖాళీలు లేవు. అరుగుకు భలే పనికొస్తుంది, చమురుకు పనికిరాదు. అదే సున్నపురాయి బురదగా కాకుండా పగడపు దిబ్బగా పెరిగి ఉంటే కథ వేరు. దిబ్బను కట్టేది జీవులు. గూళ్లు, సందులు, పగుళ్లు దాని పుట్టుకలోనే ఉంటాయి.

అలాంటి దిబ్బ సముద్రంలో మునిగి, పైన మట్టి పొరలు పేరుకుంటాయి. చుట్టుపక్కల బురదలో చిక్కుకున్న సూక్ష్మజీవుల అవశేషాలు లక్షల ఏళ్ల వేడికి చమురుగా మారతాయి. చమురు నీటి కంటే తేలిక కాబట్టి పైకి పాకుతుంది. దారిలో రంధ్రాలున్న దిబ్బ తగిలితే అందులో చేరుతుంది. పైన మట్టిరాయి మూతలా ఉంటే అక్కడే ఆగిపోతుంది. చమురు పుట్టే పొర, దాచుకునే రాయి, పైన మూత, మొత్తాన్ని పట్టి ఉంచే ఆకారం.. ఈ నాలుగూ సరైన క్రమంలో కుదరాలి. ఒక్కటి తప్పినా బావి ఎండుబావే.

కెనడాలోని ఆల్బర్టాలో జరిగింది చూడండి. ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ పశ్చిమ కెనడాలో వరసగా 133 బావులు తవ్వి దెబ్బతింది. డ్రిల్లింగ్ నడిపిన వెర్న్ హంటర్‌కు ‘డ్రై హోల్’ అని ముద్దుపేరు కూడా పడిపోయింది. 1947 ఫిబ్రవరి 13న లెడ్యూక్ నంబర్ 1 బావిలో చమురు పైకి వచ్చింది. అదే ఏడాది నంబర్ 2 బావి ఇంకాస్త లోతుకు వెళ్లి అసలు నిధిని పట్టుకుంది. అది డెవోనియన్ కాలపు దిబ్బ. డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందు, దాదాపు 38 కోట్ల ఏళ్ల కిందట అక్కడ వెచ్చని సముద్రం ఉండేది. ఆ తర్వాత ఆల్బర్టా రాతే మారిపోయింది. నాకు నచ్చింది చమురు దొరకడం కాదు. 133 వైఫల్యాల్లోనూ ఏ లోతులో ఏ రాయి తగిలిందో రాసి పెట్టుకున్నారు. ఎండిన ప్రతి బావీ తర్వాతి బావికి సమాచారం అయింది.

‘కెనడా సంగతి మనకెందుకు?’ అంటారా? రేణిగుంటలో కడప వైపు వెళ్లే రైలెక్కండి. ఎర్రగుంట్ల దగ్గర దిగి పులివెందుల, వేంపల్లె వైపు వెళితే అక్కడి డోలమైట్ రాళ్లలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. పగడాలు, చేపలు పుట్టకముందు, సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన దిబ్బలవి. అంటే పగడాల కంటే ముందటి రీఫ్‌ల తరానికి చెందినవి మన కడప జిల్లాలో ఉన్నాయన్నమాట. ఇలాంటివి ఇప్పటికీ ప్రాణంతో పెరుగుతుంటే చూడాలంటే ఆస్ట్రేలియాలోని షార్క్ బేకు వెళ్లాలి.

మరి వాటిలో చమురు ఉందా? దేశంలోని 26 అవక్షేప బేసిన్ల జాబితాలో కడప బేసిన్ కూడా ఉంది. కానీ ఇప్పటిదాకా వాణిజ్యపరంగా చమురు దొరకలేదు. మన దిబ్బల రంధ్రాలను చాలాచోట్ల సిలికా, డోలమైట్ పూడ్చేశాయి. ఆ ప్రాంతంలోకి లావా కూడా చొచ్చుకొచ్చింది, ఆ వేడి తగిలిన చోట చమురు నిలవడం కష్టం. ఇంత కాలంలో ఉన్నది కారిపోయే అవకాశమూ ఎక్కువే. అలాగని పాత రాయంతా వట్టిదే అని తేల్చేయలేం. తూర్పు సైబీరియాలో వంద కోట్ల ఏళ్లు దాటిన డోలమైట్‌లో చమురు ఉంది. బ్రెజిల్ సముద్రంలో 2006లో బయటపడ్డ టుపి క్షేత్రం ఉప్పు పొర కింది సున్నపురాళ్లలో ఉంది. ఆ రాళ్లు కట్టడంలో సూక్ష్మజీవుల పాత్ర ఎంత అన్నదానిపై వాదన ఇంకా సాగుతోంది. మన ముంబై హైలో 1974లో దొరికిన చమురు కూడా ఎక్కువగా సున్నపురాయిలోదే.

ఇంకో విషయం. కోడూరు దాటాక మంగంపేట బెరైటీస్ గనులు వస్తాయి. ఈ రాయి నీటి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి ఎగదన్నకుండా డ్రిల్లింగ్ బురదలో దీని పొడి కలుపుతారు. మన రాయి ఎక్కడెక్కడి చమురు బావుల్లోకో వెళ్తోంది. మన పిల్లలు ఎంతమంది వెళ్తున్నారు?

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ వ్యాసం రాయడానికి కారణం చమురు కాదు, మా చిన్నాయన బోర్లు. మూడెకరాల మామిడి తోటకు ఆయన నాలుగు బోర్లు వేయించాడు. ప్రతిసారీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిచాడు. కాయ నిలబడిన చోట బండి ఆగింది. మూడు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాలుగోదాంట్లో రెండేళ్లు నీళ్లొచ్చి ఆగిపోయాయి. ‘ఏ అడుగులో ఏ రాయి తగిలింది చిన్నాయనా?’ అని అడిగితే, ‘ఎవురు చూసినారు అబ్బయా, నీళ్లుండాయా లేదా అని చూస్తాము గానీ!’ అన్నాడు. అప్పు మాత్రం ఆయనకు పైసాతో సహా గుర్తుంది.

నాలుగు బోర్లు, లక్షల రూపాయలు, ఒక్క కాగితం లేదు. పక్క చేనువాళ్లు బోరు వేసినా మళ్లీ సున్నా నుంచే మొదలు. 133 బావులు ఎండినా వాళ్లు గెలవడానికి, మూడు బోర్లకే మనం చితికిపోవడానికి తేడా డబ్బులో మాత్రమే లేదు. రాసి పెట్టుకోవడంలోనూ ఉంది.

రేణిగుంట చుట్టుపక్కల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు జాతి రాయి. అందులో దిబ్బల్లా గూళ్లు ఉండవు. నీళ్లుండేది పైనున్న పొడి రాయిలో, లోపలి పగుళ్లలో. ఆ పగుళ్లను అంచనా వేయడానికి భూమిలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే పద్ధతి ఉంది. దానికి పునాది వేసినవాళ్లలో ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన కాన్రాడ్ ష్లంబర్జర్. 1927లో పెషెల్‌బ్రాన్ చమురు బావిలో తొలి ఎలక్ట్రికల్ లాగ్ తీసింది ఆయన బృందమే. అంటే చమురు బావిని చదివే విద్య, మా చిన్నాయన బోరును చదివే విద్య రెండూ ఒకే తల్లి పిల్లలు. ఈ సర్వే చేసినా నీళ్లు గ్యారంటీ అని చెప్పలేం. గుడ్డిగా తవ్వడం కంటే మాత్రం మేలు.

నేను చదివింది ఈసీఈ. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ సబ్జెక్టును బట్టీ కొట్టి పాసయ్యా. డీకన్వల్యూషన్ అన్న మాట ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత బ్లాగు కోసం చదువుతుంటే తెలిసింది. 1950లలో ఎంఐటీలో ఎండర్స్ రాబిన్‌సన్ బృందం ఆ లెక్కను భూకంప తరంగాల మీద ప్రయోగించింది చమురు కోసమే. భూమిలోకి తరంగం పంపుతారు. పొరలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళంగా ఉంటాయి. వాటిని విడదీస్తే కింద పూడిపోయిన దిబ్బ ఆకారం బయటపడుతుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చూసింది ఇంత పెద్ద పని చేస్తుందని తెలిస్తే క్లాసులో నిద్రపోయేవాణ్ని కాదేమో!

‘పెట్రోలు కాలం అయిపోతోంది కదా, ఇప్పుడెందుకు ఇది?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. చమురు ధర పడితే ఆ రంగంలో ఉద్యోగాలూ పడతాయి. ప్రభుత్వ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఐదంకెల జీతం మొదటి రోజే ఖాయమని నేను చెప్పను. కానీ రాయిలో ఖాళీ ఎక్కడుంది, ఏది ఎటు కదులుతుంది అన్న విద్యకు కాలం చెల్లదు. కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో దాచాలన్నా, బ్యాటరీలకు కావాల్సిన ఖనిజాలు వెతకాలన్నా, రాయలసీమకు నీళ్లు చూడాలన్నా అదే విద్య. పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాత్రం ఎవరికి గ్యారంటీ?

దారులు దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ విభాగం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. 2016లో మొదలైన ఐఐపీఈ విశాఖలో పెట్రోలియం ఇంజినీరింగ్ చెబుతోంది, జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో సీటు. డిగ్రీలో జియాలజీ చదివినవాళ్లకు ఐఐటీ జామ్, ఎమ్మెస్సీ తర్వాత గేట్, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉన్నాయి. మా పిన్ని కొడుకు ఈ ఏడాది బీఎస్సీ జియాలజీ అంటే ఇంట్లో ‘బండలు కొట్టే చదువా?’ అని నవ్వారు. మీ ఇంట్లోనూ ఇలాగే నవ్వితే వాళ్లను కసురుకోకండి. కడప బండ మీద నీళ్లు పోసి చూపించండి.

కోడింగ్ వచ్చినవాళ్లు కోర్సు మారక్కర్లేదు. ఈక్వినార్ కంపెనీ 2018లో వోల్వ్ చమురు క్షేత్రం డేటా మొత్తం ఉచితంగా విడుదల చేసింది. పైథాన్ వస్తే ఈ ఆదివారమే ఒక బావి లాగ్ గీసి చూడొచ్చు.

ఇవేవీ కుదరకపోతే ఒక్క పని చేయండి. మీ ఊళ్లో ఈసారి ఎవరైనా బోరు వేస్తుంటే ఫోను, నోటుబుక్కు పట్టుకుని బండి దగ్గరికి వెళ్లండి. ప్రతి ఇరవై అడుగులకు బయటికొచ్చే పొడిని గుప్పెడు తీసి కవర్లో వేసి లోతు రాయండి. రంగు రాయండి. తడి ఎక్కడ తగిలిందో రాయండి. నీళ్లు రాకపోయినా రాయండి. ఊరంతా అలా పది బోర్లు రాసి పెట్టుకుంటే పదకొండో రైతు కొబ్బరికాయ ఒక్కదాన్నే నమ్ముకోవాల్సిన పని ఉండదు. మా చిన్నాయన ఐదో బోరు గురించి ఆలోచిస్తున్నాడు. ఈసారి బండి పక్కన నోటుబుక్కుతో నేనుంటా.