పేర్లు మారాయి, గోడలు కూలుతున్నాయి

పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా ఉన్న రాస్ దీవిలోని ప్రెస్బిటేరియన్ చర్చికి నేడు పైకప్పు లేదు. మిగిలినవి మర్రిజాతి చెట్ల వేళ్లు అల్లుకున్న రాతిగోడలే. పర్యాటకులకు అది ఫొటోలకు అనువైన చోటు.

దీనిని కూల్చినదెవరంటే ఒక్క పేరు చెప్పలేము. 1941 జూన్ 26 నాటి భూకంపం దీవిని కుదిపివేసింది. బ్రిటిష్ పాలనాకేంద్రం అక్కడినుండి తరలిపోయింది. 1942 మార్చిలో దిగిన జపాన్ సేనలు 1945 వరకు ఈ ద్వీపాలను ఏలాయి. ఆ తరువాత దశాబ్దాలపాటు ఆ కట్టడాలను వానకూ అడవికీ వదిలివేసిన బాధ్యత మాత్రం స్వతంత్ర భారత పాలకులదే.

"దొరల చర్చి కూలితే మనకేమి నష్టం?" అని కొందరి ప్రశ్న. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ వెంట తొలి విడతగా వచ్చిన 200 మంది ఖైదీలను తలచుకుంటే జవాబు దొరుకుతుంది. 1857 తిరుగుబాటు అనంతరం శిక్షపడినవారిని దాచడానికే ఆ స్థావరం వెలసింది. రాస్ మీది అడవిని నరికినదీ, దొరల నగరాన్ని నిలబెట్టినదీ ఖైదీల శ్రమే. దొరల చరిత్ర లండన్ దస్త్రాలలో భద్రంగా ఉంది. పేరులేని ఖైదీకి ఆ గోడలే దస్త్రం.

సెల్యులార్ జైలు 1979లో జాతీయ స్మారకమైంది. అక్కడ కూడా ఏడు విభాగాలలో మిగిలినవి మూడే. అయినా రాజకీయ ఖైదీల పేర్లు శిలాఫలకాలకెక్కాయి. మన్యం పోరాటయోధుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, తొలి లోక్‌సభలో అడుగుపెట్టిన సంగతి తెలుగువారికి తెలుసు. అంతకుముందు తరాల సాధారణ ఖైదీలకు ఆ భాగ్యమూ లేదు.

2018 డిసెంబరు 30న రాస్ నేతాజీ పేరిట ద్వీపమైంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. 1943 చివర ఈ ద్వీపాలకు వచ్చిన నేతాజీని గౌరవించడంలో తప్పేమీ లేదు. అయితే పేరు మార్చడానికి ఒక ప్రకటన చాలు. గోడను నిలపడానికి ఏటా నిధులు, నిపుణులు, ఓపిక కావాలి. ఏలినవారికి సులువైన దేశభక్తి మీదనే మక్కువ.

వలస చిహ్నాలను తుడిచివేస్తున్నామనేవారు ఒక్కటి గ్రహించాలి: బానిసత్వపు ఆనవాళ్లు పోతే, దానిని భరించినవారి ఆనవాళ్లూ పోతాయి. చర్చి శిథిలాన్ని పరిరక్షించి, ఆ దీవిలో రాళ్లు మోసినవారి కథను దాని ముందు అన్ని భాషలలో చెక్కించడం ప్రభుత్వం తీర్చవలసిన బాకీ.