చీటి బేరము

మన సారపాకనుండి 1965లో ప్రారంభమైన వంతెన దాటినచో భద్రాచలము. అచ్చట చైత్రశుద్ధ నవమినాడు మిథిలా స్టేడియమున జరుగు సీతారామ కల్యాణమునకు దేవస్థానమువారు వేర్వేరు వెలల టిక్కెట్లు విక్రయింతురు. అట్టివానిని ముందుగా కొని, దూరమునుండి వచ్చినవారికి హెచ్చు వెలకు అమ్ముట తప్పా? వరుసలో నిలిచిన శ్రమకు కూలి వలదా యని కొందఱి వాదము. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒకరు కోరగా వారికై నిలిచినచో కూలి న్యాయమే.

ధాన్యవర్తకుడు పండినచోటినుండి కఱవున్నచోటికి బండి తోలించి, దారి ఖర్చు భరించి, లాభము గొనును. టిక్కెట్టు బేరగాడో, ఆసనమును జానెడైనను కదల్పడు, ఒక్కటియైనను పెంపడు. తానే దాచి కొఱత కల్పించి, ఆ కొఱతనే అమ్మును. (సినిమాహాళ్లవద్ద దీనినే బ్లాకందురు; పేరు మాత్రము నిజమైనది!) ఏడాదిపొడవునను కూడబెట్టిన రూకలను కొంగున ముడివైచుకొని వచ్చిన ముసలమ్మ, అసలు వెల చేతనుండియు వెలుపల నిలువవలసివచ్చును. పోవుటకు వీలుపడనివాడు కొన్న వెలకే మఱియొకరి కిచ్చినచో ఎవ్వరును ఆక్షేపింపరు.