ఆటల పీరియడ్ ఎవరిది?

2024 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో భారత్, సిరియా, మారిషస్ ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. చార్మినార్ నగరానికి ఈ ఆట కొత్త కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీయే. ఆయన బడిపంతులు కూడా.

షోలాపూర్ నేతపేటల్లో తెలుగు చెప్పే మేమూ పంతుళ్లమే. కాని పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకో ఇంగ్లీషుకో లాగేసుకుంటున్నాం. ఇంటికెళ్తే పిల్లలకు మిగిలేది మరమగ్గాల చప్పుడు, ఇరుకు సందు. పరుగెత్తడానికి బడి తప్ప వారికి వేరే చోటేది?

ఇరవై మందికి ఒక్క బంతి చాలు. ఇకపై ఆ పీరియడ్‌ను ముట్టుకోబోమని మేం మాట ఇస్తున్నాం. తప్పితే, తల్లిదండ్రులారా, బడికొచ్చి నిలదీయండి.