డాబా మీద అమానత్

పేరులో 'పిగ్' ఉందని మా అమ్మీ తౌబా తౌబా అంది. పంది కాదు అమ్మీ, గడ్డి తినే ఎలుక జాతి అని నచ్చజెప్పాం. పిల్లలు ఈదీ డబ్బులతో తెచ్చుకున్న గినీ పిగ్‌ల జత అది.

వాసన వస్తోందని పింజరాను డాబా మీద రేకుల కింద పెట్టింది నేనే. ఏప్రిల్ నెల. జొహర్ చదివి పైకెళ్తే ఒకటి పక్కకి వాలి రొప్పుతోంది. అసర్ దాకా బతకలేదు.

వాటికి మనలా చెమట పట్టదు. 26 డిగ్రీలు దాటితేనే తక్లీఫ్ మొదలు. మన హైదరాబాద్ ఎండాకాలం 40 దాటుతుంది. రేకుల కింది నీడ నీడ కాదు, తందూర్.

బయట తిప్పాలంటే ఫజర్ తర్వాత గంటసేపు చాలు. పిల్లి, కాకి, గద్ద రాకుండా పైన కూడా జాలీ ఉండాలి. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె, నీళ్లు, ఎండుగడ్డి. ఎండెక్కకముందే లోపలికి తెచ్చేయాలి. ఇంట్లో జాగా లేనివాళ్లు అసలు కొనొద్దు, పిల్లలు ఎంత జిద్ చేసినా సరే. బేజుబాన్ ప్రాణి, దాహమని కూడా చెప్పుకోలేదు.

ఒంటరిగా మిగిలినదానికి తోడు కావాలని మా పిల్లలు అడుగుతున్నారు. ముందు హాల్లో సోఫా జరుపుతున్నాను.